తిట్లన్నీ జలీలుకే: కొల్లేటి లంకలో రెండు రోజులు

కొల్లేరు చూడాలని నేను కొల్లేరు వెళ్ళలేదు. జలీలు వెళ్తున్నాడని వెళ్ళాను. ఉన్నమాట ముందే చెప్పేస్తే నాకూ తేలిక, మీకూ తేలిక. పక్షుల కోసమో దోనె షికారు కోసమో అటు వెళ్దామనుకుంటున్నవారికి దారీ, వేళలూ, ఖర్చూ అన్నీ చెబుతాను. కాని పోయిన మాఘమాసంలో ఒక శనివారం, ఇంకా తెల్లవారకుండానే నన్ను తాడేపల్లిగూడెం స్టేషనుకు పరిగెత్తించింది మాత్రం గూడబాతులు కావు, కడుపుమంట.

నేను ఏలూరు కాలేజీలో బి.ఏ. చదువుతున్నాను. మా నాన్నగారు గూడెంలో ఒక రైసుమిల్లులో గుమాస్తా. నేను కూడా ఆ మిల్లులోనే తవుడు బస్తాల మధ్య కూర్చుంటానని ఊరంతా అనుకుంటున్నా, నా మనసు ఎప్పుడో వేరేచోట పడింది. మా కాలేజీకి ఒకసారి జిల్లా పబ్లిసిటీ ఆఫీసరుగారు వచ్చి, పబ్లిక్ రిలేషన్స్ అని ఒక కొత్త ఉద్యోగం ఉందనీ, సర్కారు మాట జనానికీ, జనం మాట సర్కారుకూ చేరవేయడమే ఆ పని అనీ చెప్పారు. ఆ రోజునుంచి నాకు నిద్ర లేదు. అద్దం ముందు నిలబడి ఉపన్యాసాలు, పెరట్లో పేపరు గట్టిగా చదవడం, వక్తృత్వపు పోటీల్లో వరసగా బహుమతులు. ఆఫీసరుగారు వేసవి సెలవుల్లో ఒక్క విద్యార్థిని తన వ్యానులో జిల్లా అంతా తిప్పుతారట, బత్తెం కూడా ఇస్తారట, ఆ తర్వాత ఉద్యోగం పడితే మాటసాయం చేస్తారట. ఆ ఒక్కడూ నేనే అని నేను ఖాయం చేసుకున్నాను.

అలాంటి సమయంలో జలీలు వచ్చి, "ఆఫీసరుగారు కొల్లేరు రమ్మన్నారురా, టీకాల ప్రచారమట," అన్నాడు. జలీలు నా క్లాసువాడే. ఏలూరులో తివాచీలు నేసే ఇంటివాడు. కొట్టు గుమ్మంలో బేరాలాడుతూ పెరిగాడు. ఒక్క పోటీలోనూ బహుమతి లేదు, స్టేజీ ఎక్కితే చొక్కా కొస నలుపుకుంటాడు. వాణ్ణి పిలిచి నన్ను పిలవకపోవడమా! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రమే ఆఫీసుకు వెళ్ళి నేను కూడా వస్తానని అడిగేశాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, "రావోయ్, దానికేం," అన్నారు.

గూడెంలో ఆరింటి పాసింజరు ఎక్కితే ఎనిమిదిన్నరకల్లా ఏలూరులో దిగవచ్చు. మూడో తరగతి టిక్కెట్టు ముప్పావలాకు కాస్త అటూ ఇటూ. ఎడమవైపు కిటికీ పక్కన కూర్చోండి. భీమడోలు దగ్గర పడేసరికి కొంగలు బారులు కట్టి దక్షిణంగా, అంటే కొల్లేటి వైపే, వెళ్తుండడం కనిపిస్తుందని మా నాన్నగారు చెప్పారు. నాకు మాత్రం ఒక్క కొంగా కనబడలేదు, నేను కూర్చున్నది కుడివైపని ఏలూరులో దిగాక తట్టింది. మీరు ఎడమవైపే కూర్చోండి. ఆ ఉదయం నా బుర్ర ఎక్కడుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

స్టేషను బయట ఇడ్లీ, కాఫీ కానిచ్చి జట్కా ఎక్కాను. బేడ, అంటే రెండణాలు, అడిగాడు, ఇచ్చాను.

"సినిమా వ్యాను ఆఫీసుకేనాండీ?" అన్నాడు జట్కావాడు. పబ్లిసిటీ ఆఫీసుకు ఊళ్ళో అదే పేరు. "ఇందాకే మా వీధి సాయిబుగారబ్బాయిని అక్కడే దింపానండి. భలే మాటకారండి బాబూ! నాతో దారిపొడుగునా దెబ్బలాడి డబ్బులు తగ్గించేశాడండి. అయినా కోపం రాలేదంటే నమ్మండి."

నేను నమ్మాను. నమ్మి పళ్ళు నూరుకున్నాను.

వ్యాను పదింటికి బయలుదేరింది. ముందు సీటులో ఆఫీసరుగారి పక్కన జలీలు. "ఏమోయ్ శేషూ, నువ్వు వెనకాల సర్దుకో," అన్నారాయన. లౌడుస్పీకరు బాకాకూ కరపత్రాల కట్టలకూ మధ్య, గోతి పడ్డప్పుడల్లా తల కప్పుకు కొట్టుకుంటూ ప్రయాణం చేశాను. ముందునుంచి వాళ్ళిద్దరి నవ్వులు వినబడుతూనే ఉన్నాయి. ఏలూరు దాటి దక్షిణంగా పోయేకొద్దీ రోడ్డు సన్నబడి, మట్టిదారై, చివరికి గట్టు అయిపోతుంది. అక్కడితో బండ్లకు దారి ఆఖరు. ఆ గట్టు మీద ఊళ్ళోనే టీకాలవాళ్ళు దిగి ఉన్నారు. మేం ఆ సాయంత్రం లంకకు వెళ్ళి జనాన్ని ఒప్పించాలి, మర్నాడు వాళ్ళు వచ్చి టీకాలు వేయాలి. క్షయ రాకుండా వేసే ఈ సూదంటే లంకల్లో హడలు.

లంకకు వెళ్ళడానికి తాటిదోనె ఒక్కటే మార్గం. లావుపాటి తాటిమానును దొలిచి చేసిన దోనె అది, గెడతో తోస్తారు. మనిషికి ఒక అణా, గంట ప్రయాణం. నీళ్ళు ఎంత నిశ్చలంగా ఉన్నాయంటే దోనెలోంచి చెయ్యి బయటపెట్టడానికి కూడా మొహమాటం వేసింది. రెండువైపులా కిక్కిస గడ్డి, మధ్యలో తామరాకులు, దూరంగా గూడబాతులు సంచుల్లాంటి మూతులు వేలాడేసుకుని తేలుతున్నాయి. నేను ఆ దృశ్యాన్ని ఉపన్యాసంలో ఎక్కడ ఇరికించాలా అని ఆలోచిస్తున్నాను. జలీలు మాత్రం దోనె నడిపే వీరాసామిని ప్రశ్నలతో చంపుతున్నాడు. ఏ చేప ఎప్పుడు పడుతుంది, వల ఎవరు అల్లుతారు, చేపలబుట్ట ఏలూరు చేరేసరికి ఎంత పలుకుతుంది, అన్నీ వాడికే కావాలి.

"ఒరే నాయనా, అటూ ఇటూ ఊగకు, ముంచేత్తావా ఏంటి నన్ను!" అని కసిరాడు వీరాసామి. తర్వాత నావైపు తిరిగి, "తమరు బాగానే కూర్చున్నారండి," అన్నాడు.

చూశారా, నా కుదురు అప్పుడే తెలిసిపోయింది అనుకున్నాను.

లంక అంటే చెరువు మధ్య మట్టిదిబ్బ, దాని నిండా తాటాకిళ్ళు, ఇళ్ళ మధ్య ఆరేసిన వలలు. తూర్పు పేట, పడమటి పేట అని రెండు. ఆఫీసరుగారు జలీలును తూర్పుకు పంపి, నన్ను పడమటికి పంపి, తాను మధ్యలో చావిడి అరుగు మీద పడక వేశారు. పడమటి పేటకు పెద్ద రంగయ్యగారు. ఉతికిన పంచె, భుజాన కండువా. నాకు మంచం వాల్చి, లేత కొబ్బరిబొండాం కొట్టించి ఇచ్చి, జనాన్నంతా పిలిపించి కూర్చోబెట్టారు. నేను లేచాను. గూడబాతులతో మొదలుపెట్టి, ఆరోగ్యమే మహాభాగ్యమని తేల్చి, భావిభారత పౌరుల దాకా వెళ్ళాను. చీమ చిటుక్కుమంటే ఒట్టు. ఒక్కరు దగ్గలేదు, ఒక్కరు లేచిపోలేదు. అయిపోయాక, "మరి రేపు అందరూ వస్తారు కదా?" అని అడిగాను.

"ఆయ్, తప్పకుండానండి," అన్నారు రంగయ్యగారు చేతులు జోడించి. "తమరింత దూరం వచ్చి చెప్పడమే పదివేలండి."

"అలాగేనండి, అలాగేనండి," అన్నారు అందరూ.

గాలిలో తేలుతూ తూర్పు పేటకు నడిచాను, జలీలు సంగతి చూద్దామని. దూరంనుంచే కేకలు వినిపించాయి. నాగమ్మ అనే పెద్దావిడ నడుముకు కొంగు చుట్టి వాడి మీద పడిపోతోంది. చుట్టూ మగవాళ్ళు, ఆడవాళ్ళు తలో మాటా అంటున్నారు.

"సూదేత్తారంట సూది! చెయ్యి వాత్తే వల ఎవరు లాగుతార్రా? నీ బాబొచ్చి లాగుతాడా?"

"మా బాబు తివాచీ తప్ప ఏదీ లాగలేడు గాని, నేనొచ్చి లాగుతాను పిన్నీ," అన్నాడు జలీలు.

"నువ్వా! మీగడ మింగే మొహం నువ్వూను! నీ రెక్కలో కండేదిరా? పో పోవోయ్, చెప్పొచ్చాడు!"

"సరే, రెక్కలో కండ లేదు. వల లాగని రోజు ఏదో అది చెప్పు."

"మాకలాంటి రోజుండదురా సన్నాసీ!"

నాకు లోపల్లోపల పండగైపోయింది. ఉన్నమాట చెబుతానన్నాను కదా, చెబుతున్నాను. వాడి పరువు గంగలో కలిసిందని ఎంత సంతోషించానో, ఆ రాత్రి నాగమ్మ వండి పంపిన కొర్రమీను పులుసు కూడా రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. వాడు మాత్రం భోజనానికి కూడా రాలేదు. ఇంకా అక్కడే దెబ్బలాడుతున్నాడని వీరాసామి చెప్పాడు.

తెల్లవారుతూనే నన్ను లేపింది ఆఫీసరుగారి అరుపు. టీకాలవాళ్ళు ఎండెక్కాక రావాలి కదా, చీకటి విడకుండానే వచ్చేశారు, నిద్రమొహాలతో. రాత్రి జలీలు తనంతట తానే వీరాసామి చేత కబురు పంపించాడట. వేటకు వెళ్ళే మగవాళ్ళకు ఈ రోజు వద్దు, సంతరోజున వాళ్ళెలాగూ వల దించరు కనుక అప్పుడు. ఆడవాళ్ళకూ పిల్లలకూ మాత్రం ఇప్పుడే, వంటపని మొదలవకముందే. వల లాగే చేతికి కాకుండా ఎడమచేతికి వేయాలి. అదీ రాత్రి కుదిరిన బేరం. తూర్పు పేటలో ఆడవాళ్ళు చంకన పిల్లల్ని వేసుకుని వరసలో నిలబడ్డారు. అందరికంటే ముందు నాగమ్మ, చెయ్యి చాచి, మొహం అటు తిప్పుకుని, ఇంకా జలీలును తిడుతూనే ఉంది.

నేను పడమటి పేటకు పరిగెత్తాను. తలుపులన్నీ దగ్గరగా వేసి ఉన్నాయి. దోనెలు లేవు. పిల్లలు కూడా లేరు, ఎక్కడికి పంపేశారో. రంగయ్యగారు ఒక్కరే వాకిట్లో పళ్ళు తోముకుంటూ నన్ను చూసి గబగబా పుక్కిలించి, చేతులు జోడించారు.

"అయ్యయ్యో, ఈ పూట ఎవరికీ వీలుపడలేదండి. ఈసారి తప్పకుండానండి. బొండాం కొట్టించమంటారాండీ?"

నేను గోదావరి జిల్లా వాణ్ణే. మా ఇంటికి చందా అడగడానికి వచ్చినవాళ్ళకు మా నాన్నగారు చెప్పేదీ ఈ "అలాగేనండీ"యే. వాళ్ళు గుమ్మం దిగాక నేనూ మా నాన్నగారూ నవ్వుకోవడం కద్దు. నాకు తెలియని సంగతేమీ కాదు. కాని ఆ సాయంత్రం ఆ మాట నన్ను చూసి అన్నారు కనుక, అది నిజమనుకున్నాను.

తిరుగు ప్రయాణం పొడుగునా ఆఫీసరుగారు జలీలును ఉతికి ఆరేశారు. "ఎవరినడిగి మాటిచ్చావోయ్? టీకాలవాళ్ళేమన్నా మీ తివాచీ కొట్లో పనివాళ్ళనుకున్నావా, చీకటితో లేపి తోలడానికి? సంతరోజున మళ్ళీ వాళ్ళను ఎవడు తెస్తాడు, నీ తాతా?" దోనెలో తిట్టారు, గట్టు మీద తిట్టారు, వ్యానులో తిట్టారు. వాడు ముందు సీటులో తల దించుకుని కూర్చున్నాడు. మధ్యమధ్య ఆయన వెనక్కి తిరిగి, "శేషూ, నీ ఉపన్యాసం అరుగు మీదికి వినబడిందోయ్, చాలా బాగుంది. మంచి భాష," అన్నారు. నాకు ఆ మాట వినగానే ప్రాణం లేచి వచ్చింది. తిట్లు వాడికి, మెప్పు నాకు. పడమటి పేట సంగతి ఆయన పట్టించుకోలేదు కాబోలు అని కూడా ఆశపడ్డాను.

ఏలూరు స్టేషను దగ్గర వ్యాను ఆపారు. దిగి, గుండె చిక్కబట్టుకుని అడిగేశాను. "సార్, వేసవి సెలవుల సంగతి..."

ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. ఎంత ఆప్యాయంగానో! "తప్పకుండా చూద్దాం శేషూ. నీలాంటివాడికి ఎక్కడైనా చోటుంటుంది. నాన్నగారిని అడిగానని చెప్పు," అన్నారు. తర్వాత వ్యానులో కూర్చున్న జలీలు వైపు తిరిగి, "నువ్వు రేపు పొద్దున్నే ఆఫీసుకు తగలడు! సంతరోజు సంగతి తేల్చకుండా ఇంటికి పోయావంటే చర్మం ఒలుస్తాను!" అని అరిచారు.

వ్యాను వెళ్ళిపోయింది. నేను ఎండలో నిలబడే ఉన్నాను. వేసవిలో వ్యానులో చోటు ఎవరికి దక్కిందో నాకు అప్పుడు తెలిసింది.

రాత్రికి ఇల్లు చేరాను. మా అమ్మ గుమ్మంలోనే అడిగింది, ఏమైందని. "చాలా మెచ్చుకున్నారమ్మా," అన్నాను. ఆవిడ దేవుడికి దణ్ణం పెట్టుకుంది. నేను కాళ్ళు కడుక్కునే వంకతో నూతి దగ్గర చాలాసేపు ఉండిపోయాను.

ఇప్పుడు వేసవి సెలవులు. జలీలు వ్యానులో నరసాపురం వైపు తిరుగుతున్నాడు. నేను మిల్లులో కూర్చుని ఇది రాస్తున్నాను. కాలం గడిస్తే అసూయ తగ్గుతుందంటారు. నాకు తగ్గలేదు, ఊరికే అబద్ధం ఎందుకు? కాని మిల్లుకు వచ్చే రైతులు ధర దగ్గర నా మీద కేకలు వేస్తే ఈమధ్య లేచి లోపలికి పోవడం మానేశాను. అక్కడే కూర్చుని, ఇంకేమంటారో అనమని అడుగుతున్నాను. నిన్న ఒకాయన నన్ను పట్టుకుని వెధవా అన్నాడు, ధాన్యం మాకే తోలాడు. రేపో మాపో తూర్పు పేట నాగమ్మ నన్నూ ఒక్క మాట అంటే వినాలని ఉంది. పడమటి పేటకు మళ్ళీ వెళ్ళి, ఈసారి ఉపన్యాసం లేకుండా రంగయ్యగారికి కోపం తెప్పించాలని ఇంకా ఎక్కువ ఉంది.

మీరు వెళ్ళేటట్టయితే మాఘంలోనే వెళ్ళండి, నీళ్ళు తగ్గకముందే, పొద్దెక్కకముందే గట్టు చేరండి. దోనె నడిపేవాడు ఎంత అడిగితే అంతకూ తల ఊపకండి, గట్టిగా బేరమాడండి. అతను మీకు దణ్ణం పెట్టి, "అలాగేనండి, కూర్చోండి," అన్నాడంటే మధ్యాహ్నం దాకా గట్టు మీదే కూర్చుంటారు. మిమ్మల్ని తిట్టుకుంటూ గెడ అందుకున్నాడంటే మాత్రం, ఇక లంక చేరినట్టే.