గుడివాడా, కోడూరా

కొండల్లో పద్నాలుగేళ్ళు సేవ చేసి బందరు తిరిగొచ్చేటప్పటికి నా ఎడమ చెవి పూర్తిగా పోయింది. అక్కడ నాకు పట్టుకున్న క్షయ తగ్గడానికి ఇచ్చిన ఇంజెక్షన్లు క్షయతోపాటు దాన్నీ తీసుకుపోయాయి. కుడి చెవి కొంచెం పనిచేస్తుంది. మనిషి ఎదురుగా నిలబడి నెమ్మదిగా మాట్లాడితే చాలు.

అక్కావాళ్ళింట్లో దిగాను. మొదటి ఆదివారమే చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. అక్కడివాళ్ళ భాష నేర్చుకున్న తీరు, జ్వరమొచ్చిన పిల్లల్ని భుజాన వేసుకుని వాగులు దాటడం, అన్నీ చెప్పాను. ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం పెద్ద వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఇంతకీ ఎంతమందిని ప్రభువులోకి నడిపించారు సిస్టర్?"

"ఒక్క కుటుంబమండీ. వాళ్ళు కూడా తర్వాత ఇటుకబట్టీలకి వలస వెళ్ళిపోయారు."

ఆవిడ నా చెయ్యి వదిలేసింది. "పోన్లెండి," అని పక్కావిడ చీర ఎక్కడ కొన్నదో అడుగుతూ వెళ్ళిపోయింది.

నన్ను కొండలకు పంపిన కమిటీవాళ్ళు ఆ వారమే పిలిచారు. ఛైర్మన్‌గారు రిటైరైన లెక్చరరు. మాట స్పష్టంగా ఉంటుంది.

"రెండు చోట్లు ఖాళీగా ఉన్నాయమ్మా. గుడివాడలో మన ఆడపిల్లల హాస్టలు, కోడూరు అవతల పల్లెకారుల ఊళ్ళో ప్రార్థన మందిరం. రెండూ చూసొచ్చి ఏదో ఒకటి చెప్పండి."

తర్వాత పక్కనున్నాయన వైపు తిరిగి అన్నారు. "పాపం, ఈ మనిషిని ఎక్కడ పెడితే మాత్రం ఏముందిలెండి."

వినపడదనుకున్నారు. ఆయన కూర్చున్నది నా కుడి వైపున.

ముందు గుడివాడ వెళ్ళాను. హాస్టల్లో పిల్లలంతా చాపల మీద వరసగా కూర్చుని ఉన్నారు. వార్డెనమ్మ నన్ను పరిచయం చేసి, చెవి సంగతి కూడా చెప్పి, వంటింట్లోకి వెళ్ళింది. నేను ముందు వరసలో ఉన్న అమ్మాయిని ఏం చదువుతున్నావని అడిగాను. ఆ పిల్ల పెదాలు కదిలాయి. నాకేమీ వినపడలేదు. ఇంకో పిల్లని అడిగాను. పెదాలు కదిలాయి, చప్పుడు లేదు. మూడో పిల్లా అంతే. ఉన్న ఒక్క చెవీ ఆ క్షణంలో పోయిందనుకున్నాను. కుడి చెవి మీద అరచేత్తో కొట్టుకున్నాను. అప్పుడు గదంతా ఒక్కసారిగా నవ్వింది. ఆ నవ్వు బాగా వినిపించింది.

సిగ్గుచేటే గానీ, ఆ నవ్వు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

వార్డెనమ్మ బయటికొచ్చి సంగతి కనుక్కుని, పిల్లలందర్నీ మిట్టమధ్యాహ్నం పెరట్లో కంకర మీద మోకాళ్ళ మీద నిలబెట్టింది.

"వదిలెయ్యండమ్మా, పిల్లలు," అన్నాను.

"మీకు తెలీదు. ఇవాళ వదిలేస్తే రేపు నెత్తికెక్కుతారు."

కాసేపటికి మొదటి పిల్ల తూలి పడిపోయింది. నేను పరిగెత్తి గ్లాసుతో నీళ్ళు నోటికందించాను. ఆ పిల్ల పుక్కిట పట్టి నా చీర మీద ఊసింది. "మీరు రాకపోతే మాకిది ఉండేది కాదు," అంది. ఈసారి గట్టిగానే అంది. అది అన్నదాంట్లో తప్పులేదు.

తర్వాత కోడూరు. అవనిగడ్డలో బస్సు మారి, చివర ఆటోలో వెళ్ళాను. మందిరం రేకుల షెడ్డు. ఐదారుగురు ఆడవాళ్ళు చేపలు ఎండబెడుతూ నన్ను చూసి కూడా లేవలేదు. వాళ్ళలో ఒక విధవరాలు మాత్రం నా మొహంలోకి చూస్తూ మాట్లాడింది.

"మేము పాస్టరు గార్ని పంపమన్నాం. ఆడమనిషిని పంపారేంటి? మా ఆయన వానల్లో పోయాడు. శ్మశానం మునిగిపోయింది. ప్రార్థన చేసేవాళ్ళు లేక గట్టు మీద ఊరికే పూడ్చాం. అప్పుడు ఎవరూ రాలేదు. ఇప్పుడు నువ్వొచ్చి ఏం చేస్తావు?"

"పూడ్చేటప్పుడు ప్రార్థన నేను కూడా చేస్తానమ్మా."

"ఆడమనిషి ప్రార్థనకి మా వాళ్ళు తలలు వంచరు," అంది. మళ్ళీ చేపలు తిరగెయ్యడంలో పడిపోయింది.

ఇంటికొచ్చాక అక్కకు రెండూ చెప్పాను. "రెండూ వద్దులేవే. ఇక్కడే ఉండు. పనిమనిషి కూడా మానేసింది," అంది. బావ పేపరు మడిచి, "ఎక్కడికెళ్ళినా మళ్ళీ తెచ్చి మన గుమ్మంలోనే దించుతారు," అన్నాడు.

నేను గుడివాడ అన్నాను. ఆ కంకర మీద పిల్లలు మోకాళ్ళూనకుండా చూస్తే చాలు, అదే సేవ అనుకున్నాను. వార్డెనమ్మ కింద సహాయకురాలిగా వేశారు.

నెల తిరక్కుండా ఒక మధ్యాహ్నం ఆవిడ పిల్లల మీదికి బెత్తం తీసింది. అన్నం పారబోశారట. నేను వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. బెత్తం లాక్కుని గోడ అవతలకి విసిరేశాను. రెండ్రోజుల్లో, పిల్లల్ని కొడుతున్నారని కబురంది ఛైర్మన్‌గారు బందరు నుంచి వచ్చారు. పిల్లల్ని వరసగా నిలబెట్టి అడిగారు.

"మిమ్మల్ని కొట్టేది ఎవరమ్మా?"

వార్డెనమ్మ ఆయన వెనకే నిలబడి ఉంది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు నా వైపు వేలు చూపించారు. నా చీర మీద నీళ్ళు ఊసిన పిల్ల కాసేపు నేల చూపులు చూసింది. ఆ కాసేపూ ఆశపడ్డాను. చివరికి అదీ వేలెత్తింది.

"ఇలాగని తెలిస్తే పిల్లల మధ్యకి పంపేవాళ్ళం కాదు," అన్నారు ఛైర్మన్‌గారు. నేను కొట్టలేదని చెప్పాను. "వినపడక మీకే తెలీడం లేదేమోనమ్మా," అన్నారు. వినపడకపోవడానికీ కొట్టడానికీ సంబంధమేంటో ఇప్పటికీ నాకర్థం కాలేదు.

అక్క గుమ్మం తొక్కలేదు. సంచీ పట్టుకుని నేరుగా కోడూరు వెళ్ళాను. ఆ విధవరాలు అక్కడే, చేపల దగ్గరే ఉంది.

"వేరేచోట కూడా వద్దన్నారా?"

"అన్నారు."

నన్ను కిందికీ పైకీ చూసింది. "చేపలు బాగుచెయ్యడం వచ్చా?"

"రాదు."

"మరి దేనికి పనికొస్తావు? సరే, కూర్చో. ఆ కత్తి ఇలా పట్టుకోవాలి," అంది.

అప్పటినుంచీ ఇక్కడే ఉన్నాను. ఆదివారాలు మందిరంలో ముగ్గురో నలుగురో కూర్చుంటారు. మగవాళ్ళు బయట వేపచెట్టు కింద నిలబడి వింటారు గానీ లోపలికి రారు. ఏటా వానాకాలం వెళ్ళగానే ఊరంతా కలిసి, ఈసారైనా మగ పాస్టరుని పంపమని కమిటీకి అర్జీ పెడతారు. నా చేతిరాత బాగుంటుందని అది నాచేతే రాయిస్తారు. నేను రాస్తాను. "ఆడమనిషి వల్ల మాకు ఉపయోగం లేదు అని కూడా రాయి," అంటుంది ఆ విధవరాలు, నాకు బాగా వినపడాలని కుడి చెవి దగ్గరికి వంగి.