నాన్న ఫోనులో తుఫాను లేదు

మా నాన్న ఫోనులో తుఫాను లేదు. నా ఫోనులో ఉంది. ఒకే ఇంట్లో, ఒకే అరుగు మీద పక్కపక్కనే కూర్చున్నాం ఇద్దరం. నేను ఎచ్చెర్ల యూనివర్సిటీలో పీజీ చదువుతూ సెలవులకి ఇంటికొచ్చాను. మాది శ్రీకాకుళం తీరంలో వేట మీద బతికే ఊరు. తెల్లారితే నాన్న బోటు తీస్తానంటున్నాడు. తీస్తే తిరిగి రాడని నా భయం.

నాన్న ఫోను, డేటా చవకైన ఏడాది అన్నయ్య కొనిపెట్టింది. నాన్నకి చదువు రాదు. మైకు బొమ్మ నొక్కి అడుగుతాడు, అది వీడియో పెడుతుంది. ఒకసారి మా యాసలో మాట్లాడే ఒకడెవడో ఒడ్డున నిలబడి, "ఆపీసోలు గాలొస్తాది, గాలొస్తాది అని బెదరగొడతారు, ఈలోపు సేపలు పోతాయి" అని వెటకారం చేశాడు. నాన్నకి తెగ నచ్చింది. పడీ పడీ నవ్వి రెండోసారి చూశాడు. అంతే, ఫోను ఆయన మనసు కనిపెట్టేసింది. అక్కడి నుంచి అలాంటివాళ్లనే వరసపెట్టి తెచ్చి చూపించింది.

ఆ కిటుకు నాకు తెలుసు. నేను పరీక్షలకి చదువుకునే యాప్ కూడా అంతే. ఏ లెక్క దగ్గర తడబడితే అలాంటిదే ఇంకోటి ఇచ్చేది, వచ్చినదాన్ని వదిలేసేది. క్లాసులో అందరితోపాటు ఒకటే పాఠం విని విసిగిపోయినదాన్ని, నాకోసమే ఒక మాస్టారు దొరికాడని మురిసిపోయాను. అదే తెలివి మా నాన్న మొండితనాన్నీ ముద్దుచేస్తోందని ఆ సాయంత్రం అర్థమై ఒళ్లు మండింది.

వేటకెళ్లొద్దని మైకు ఆటో చెప్పి వెళ్లింది. చాలామంది బోట్లు పైకి లాగేశారు. నాన్న మాత్రం వల సర్దుతున్నాడు.

"నాన్నా, ఎల్లకు. గాలొస్తాది," అన్నాను.

"ఏటొస్తాది? ఇదిగో సూడు, ఎంతమంది రాదంటన్నారో! ఇంతమందీ అబద్దమాడతారేటి?"

"నీకు నచ్చుతాయని అవన్నీ నీకే సూపిస్తన్నాది. అందరికీ ఇలా రాదు."

"నాకే సూపించడానికి నానేటి కలెక్టరునా?"

ఆయన పొరపాటు అక్కడుంది. ఒకప్పుడు మా ఒడ్డున ఒక్కటే రేడియో. అది చెప్పింది ఊరంతా కలిసి విని, కలిసి తిట్టి, కలిసి ఒక మాటకొచ్చేది. ఫోను కూడా అలాంటిదే అనుకున్నాడు. తను విన్నదే ఊరంతా వింటోందనుకున్నాడు.

ఇలా కాదని రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టాను. "తుపాను వస్తాదా?" అని ఇద్దరం ఒకే మాట అడిగాం. ఆయన ఫోనులో ఆ వెటకారం మనిషి ఊడిపడ్డాడు. నా ఫోనులో సముద్రం మీద ఎర్రగా సుడి తిరిగే పటం వచ్చింది. నాన్న రెండింటినీ మార్చి మార్చి చూశాడు. హమ్మయ్య, తెలిసిందనుకున్నాను.

"నీది సదువుకున్న ఫోను. దానికి బయమెక్కువ," అన్నాడు.

"మీ ఇద్దరి ఫోన్లూ ఉప్పునీళ్లలో పడెయ్య!" అని అమ్మ తిట్టింది.

తెల్లవారేసరికి సముద్రం కదలకుండా ఉంది. నాన్నతో వేటకొచ్చే కలాసీలు ఇద్దరూ బోటు పట్టుకుని నిలబడ్డారు. వేటకెళ్లే మనిషిని మా ఊళ్లో వెనక నుంచి పిలవకూడదు. పిలిస్తే ఆ పూట వేట లేదు, ఇంటికొచ్చి కూర్చోవాల్సిందే. నా చదువు పనిచెయ్యలేదు. ఇక మిగిలింది అదొక్కటే.

"నాన్నా!" అని గొంతు చించుకుని అరిచాను.

నాన్న ఆగిపోయాడు. కలాసీలు బోటు వదిలేశారు.

"ఒసే, నీ నోరు పడిపోనూ!" అంటూ వెనక్కి వచ్చేశాడు.

ఆ రాత్రే గాలొచ్చింది. మా ఇంటి రేకులు ఎటు పోయాయో తెలీదు. ఒడ్డున ఉన్న బోటుకే ఒక పక్క పగిలింది. పొద్దున్న నాన్న నా తల మీద చెయ్యి వేసి, బోటు చూసుకోవడానికి వెళ్లిపోయాడు. నాకు ఏడుపు ఆగలేదు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. కరెంటు వచ్చాక నాన్న ఫోనులో గాలివాన వీడియోలు చూడ్డం మొదలుపెట్టాడు. కూలిన చెట్లు, తిరగబడ్డ బోట్లు, మళ్లీ మళ్లీ అవే. ఫోను అదీ కనిపెట్టింది. పాతవి, ఎక్కడెక్కడివో తెచ్చి రోజూ తుఫానే చూపించింది. బోటు బాగైంది. ఊరంతా వేటకెళ్తోంది. నాన్నకి మాత్రం ఓ రోజు కడుపునొప్పి, ఓ రోజు వల బాగోలేదు.

నేను మళ్లీ ఇంటికొచ్చినప్పుడు, ఆకాశం తేటగా ఉన్న ఒక పొద్దున్న, కలాసీలు బోటు దగ్గర ఎదురుచూస్తుండగా నాన్న నా పక్కకొచ్చాడు.

"ఒసే, ఒక్కపాలి ఎనకనుంచి పిలవ్వే," అన్నాడు గుసగుసగా.

ఆయన నడిచాడు. కాస్త దూరం వెళ్లి, తిరగకుండా, నా పిలుపు కోసం ఆగాడు. నేను పిలవలేదు. ఆయనకి కావలసిందే వినిపించడానికి జేబులో ఫోనొకటి ఉంది కదా, రెండోది నేనెందుకు? చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్లి, "నా ఫోనులో ఇయ్యాల గాలి లేదు. నీది ఇలా ఇచ్చి ఎల్లు," అని చెయ్యి చాపాను.

చాలాసేపటికి ఇచ్చాడు. బోటెక్కాడు.

నా ఫోను కూడా నాకు నచ్చిందే చెప్పిందేమోనని, ఆ బోటు మళ్లీ కంటపడేదాకా ఇసకలోనే కూర్చున్నాను.