ఓయ్రిక్ చూపించిన వాగులు

హైలాండ్ కొండల్లో పటం గీసే సర్వే వాళ్లకు, అక్కడి గేలిక్ భాషలో వాగుల, కొండల పేర్లు రాసిపెట్టే ఫార్కర్, పెన్సిలు మొనను నాలుకకు తాకించనిదే ఒక్క అక్షరమూ రాయడు. ప్రతి పేరుకూ ముగ్గురు పెద్దమనుషులు సాక్షులుగా ఉండాలి. కౌలుదార్ల మాట చెల్లదు. ఆరోజు కౌలుదారైన ముసలి ఓయ్రిక్ ఒట్టి కాళ్లతో అతన్ని కొండంతా తిప్పి, పదకొండు వాగుల పేర్లు చెప్పింది.

“బూట్లేసుకుని కూడా రొప్పుతున్నావేంట్రా!” అని వెక్కిరించింది. కిందికి దిగాక, “నేను చెప్పానని రాశావా నాయనా? నా పేరేదీ, చూపించు,” అంది. ఆమెకు చదువు రాదు.

ఫార్కర్ ముఖం వేడెక్కింది. “ఇదిగో పెద్దమ్మా,” అంటూ పుస్తకంలో సాక్షుల వరుసలో మొదటి పేరు మీద వేలు పెట్టాడు. అది ఆమెను వెళ్లగొట్టడానికి ఇంటికప్పు పీకించిన ఎస్టేటు మేనేజరు పేరు. ఓయ్రిక్ చెయ్యి శాలువాకు తుడుచుకుని, ఆ అక్షరాలను పసిబిడ్డ తల నిమిరినట్టు నిమిరింది. ఫార్కర్ పుస్తకం మూయలేకపోయాడు. ఆమె వేలు ఇంకా దానిమీదే ఉంది.