మూడు చుక్కల బాణం

నా కిరాణా కొట్లో కాటా మీద చెయ్యి పెట్టి చెబుతున్నానండీ... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. ఇరవై ఏళ్ళుగా ఏలూరు వన్‌టౌన్‌లో పప్పులూ ఉప్పులూ అమ్ముతున్నదాన్ని. తూకం కాస్త తేడా వస్తే నాకు నిద్ర పట్టదు. నవ్వాలనిపిస్తే నవ్వండి. మధ్యలో మాత్రం ఆపకండి.

పోయిన చలికాలం సంగతి. మా ఉదయపు నడక బృందానికి ఒక సరదా పుట్టింది. ఆదివారం పూట కొందరు సైకిళ్ళ మీద, కొందరు నడిచి పాత ఊరంతా చుట్టి రావడానికి ఒక దారి గీయాలి. పాత మేడలు, కాలవ వంతెనలు, బజారు... అన్నీ అందులో రావాలి. సోమవారం ఆ మ్యాపు మునిసిపల్ ఆఫీసులో ఇస్తే దాని ప్రకారం బోర్డులు పెడతారు. ఇచ్చాక ఇక మార్పుల్లేవు. ఆ పని నాకూ రహీమాకూ అప్పగించారు. రహీమా మా కొట్టు ఎదురుగా బట్టలు కుడుతుంది. నలభై దాటాక ఇద్దరం కలిసే సైకిలు నేర్చుకున్నాం, కలిసే మోకాళ్ళు చెక్కుకున్నాం.

గొడవంతా ఒక్క సందు దగ్గర వచ్చింది. పాత మగ్గాల సందు. రహీమా వాళ్ళ నాన్నగారు అక్కడే ఒక షెడ్డులో జీవితమంతా తివాచీలు నేశారు. ఆయన పోయాక ఆ షెడ్డుకి తాళం పడింది. ఆ సందు మ్యాపులో ఉండి తీరాలని రహీమా పట్టు. కానీ సందు చివర గోడ. ముప్పై సైకిళ్ళు లోపలికి వెళితే వెనక్కి తిరిగేదెలా? నేను కొట్టేశాను.

"సరేనండి పద్మక్కా, మీ ఇష్టమండి. మీరెలా అంటే అలాగేనండి," అంది.

అండీలు ఎక్కువయ్యాయంటే తనకి కోపం వచ్చినట్టే. రెండు రోజులు నా కొట్టు వైపు చూడలేదు. నాకు చాలా బాధేసింది. కానీ గోడని నేనేం చెయ్యను చెప్పండి?

శనివారం సాయంత్రం నేనొక్కదాన్నే వెళ్ళి, మలుపు మలుపుకీ ముగ్గుపిండితో బాణాలు వేసి వచ్చాను. ఆదివారం ఆరింటికి వాటి వెంట తొక్కుకుంటూ పోయి, ఎంతసేపు పడుతుందో రాసుకోవాలని ప్లాను. నా బాణం ఎక్కడున్నా తెలిసిపోతుంది. తోక దగ్గర మూడు చుక్కలు పెడతాను. ముగ్గులకి అలవాటు పడ్డ చెయ్యి, ఊరుకోదు.

రాత్రి పడుకున్నాక తట్టింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఐదు కాకముందే వీధి వీధంతా కళ్ళాపి చల్లేస్తారు. బాణాలన్నీ కొట్టుకుపోతాయి. రోజూ చల్లేదాన్ని, నాకే గుర్తు లేదు! వెంటనే రహీమాకి ఫోను చేశాను.

"నవ్వకు. మూడున్నరకి రా."

నవ్వింది. నా ప్రాణం కుదుటపడింది.

మూడున్నరకి బయల్దేరాం. మంచు. వీధి దీపాల కింద తెల్లగా నా బాణాలు. మొదటి మలుపు... సరే. వంతెన... సరే. ఒక కుక్క కాస్త దూరం తోడొచ్చి, విసుగు పుట్టి ఆగిపోయింది. పాత బజారు దాటాక నాలుగు దార్ల కూడలి. అక్కడ బాణం నేరుగా వేశాను. బాగా గుర్తు.

బాణం... ఎడమకి ఉంది.

ఎడమకంటే మగ్గాల సందు.

బ్రేకు వేసి దిగాను. వంగి చూశాను. నా బాణమే. తోక దగ్గర మూడు చుక్కలు. మరి నేరుగా వేసినదేదీ? తుడిచిన జాడ కూడా లేదు.

"పద్మక్కా..." రహీమా కూడా సైకిలు దిగి వంగి చూసింది. "మార్చేశారా? నాకోసమా అండీ?"

నేను కాదని అనాలి కదా. తన మొహంలో అంత సంతోషం... అప్పటికే సైకిలు సందులోకి తిప్పేసింది. సిగ్గో, భయమో... వెనకే వెళ్ళాను.

సందులో దీపం లేదు. సైకిలు లైటు వెలుగులో రెండో బాణం. ఇంకాస్త ముందు మూడోది. షెడ్డు దగ్గర ఆగాం. తాళం వేసే ఉంది. తుప్పు పట్టి తలుపుకి అతుక్కుపోయి ఉంది.

అప్పుడు వినబడింది.

టక్.

తర్వాత ఏమీ లేదు... నా ఊపిరి నాకే వినబడుతోంది...

టక్... టక్.

లోపల్నుంచే. మెత్తగా. ఇనుము వెళ్ళి దారాల మీద పడుతున్నట్టు.

రహీమా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వరస అయ్యాక ఇనుప దువ్వెనతో కొడతారక్కా, పోగు గట్టిపడటానికి," గుసగుసగా చెప్పింది. "మా నాన్నగారు ఒకటి కొట్టి ఆగేవారు. తర్వాత రెండు కొట్టేవారు."

"ఎలకలయ్యుంటాయే," అన్నాను.

"ఎలకలు లెక్కపెట్టి కొట్టవు కదక్కా."

రెండో చేత్తో సైకిలు లైటు ముందుకి తిప్పాను.

ఆఖరి బాణం గోడ మూలకి చూపిస్తోంది. అక్కడంతా దట్టంగా పిచ్చి తీగలు. రహీమా ఒక్కసారిగా నా చెయ్యి వదిలేసింది.

"ఇక్కడ తలుపుండేదండీ! ఉన్ని ఉతకడానికి కాలవకి ఇలాగే వెళ్ళేవారు. చిన్నప్పుడు నాన్నగారి వెనకాల నేనూ వెళ్ళాను... ఎలా మర్చిపోయానక్కా?"

ఇద్దరం తీగలు లాగాం. చెక్క తలుపు కనబడింది. భుజాలు ఆనించి తోశాం. కిర్రు... కిర్రు... తెరుచుకుంది. చల్లగాలి మొహాన కొట్టింది. ఎదురుగా కాలవ గట్టు. సైకిలు పట్టేంత దారి!

వెనక చప్పుడు ఆగిపోయింది.

గట్టు మీద కూర్చుని రహీమా కాసేపు ఏడ్చింది, తర్వాత నవ్వింది. నేనూ అంతే. తిరిగొచ్చేసరికి కూడలి దగ్గర ఒకావిడ కళ్ళాపి చల్లి, పెద్ద ముగ్గు వేస్తోంది. బాణం లేదు.

అక్కడే చెప్పేశాను. "ఆ బాణాలు నేను వెయ్యలేదే రహీమా."

"ఊరుకోండక్కా!"

"అయితే నువ్వే వేసుంటావు."

"నాకు కాజాలు కుట్టడం వచ్చుగానీ ముగ్గులెక్కడ వచ్చండీ?"

మగ్గాల సందు మ్యాపులోకి ఎక్కింది. ఇప్పుడు ప్రతి ఆదివారం మా బృందం ఆ సందులోంచి దూరి, కాలవ గట్టు మీద తేలుతుంది. షెడ్డు ముందు రహీమా అందరినీ ఆపి, వాళ్ళ నాన్నగారి పనితనం గురించి చెబుతుంది. చెప్పేటప్పుడు ఒక్క అండీ కూడా ఎక్కువ పడదు.

బాణాల సంగతి మాత్రం తేలలేదు. రహీమా ఖురాను మీద ఒట్టేసింది. నేను కాటా మీద వేశాను. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతూ ఉండాలి కదా. ఆ ఒక్కరూ రహీమాయే కావాలని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను. తనూ నా గురించి అదే ప్రార్థిస్తోందట.

సరే, బాణాలు తనే వేసిందనుకుందాం...

మరి ఆ చప్పుడో? తను నా పక్కనే, నా చెయ్యి పట్టుకునే ఉంది కదండీ...