సైనైడ్ దిబ్బ మీద ఒక ఫోటో

దూరపు కొండలు నునుపంటారు. మా ఊరి కొండలు దగ్గరికి వెళ్ళినా నునుపే, ఎందుకంటే అవి కొండలు కావు. మా నాన్నలాంటి వాళ్ళు గనిలోంచి పైకి పంపిన రాయిని పిండి కొట్టి, సైనైడ్‌తో బంగారం తీసుకుని, మిగిలిన పిండిని పోసిన పోగులవి. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో సైనైడ్ దిబ్బలంటాం. చిన్నప్పుడు గాలికాలంలో ఆ పిండి అన్నంలో పడి పళ్ళ కింద కరకరలాడేది. ఇప్పుడు బెంగళూరు వాళ్ళు కార్లలో వచ్చి, ఎడారి కొండల్లా ఉన్నాయని మురిసిపోయి, పొద్దుగుంకే వేళ వాటి ముందు ఫోటోలు తీయించుకుంటున్నారు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ఆ పిచ్చి చివరికి మా ఇంటికీ వచ్చింది. నా భార్య మా మేనమామ కూతురే.

"బావా, మనం గూడా దిబ్బకాడికి పోయి ఒక ఫోటో తీసుకుందాం. పొద్దు మునిగేటప్పుడు" అంది.

"పుట్టినప్పట్నుంచీ చూస్తాండే దిబ్బే కదా మే. దాంట్లో ఏముండాది?"

"దిబ్బ ఎవురికి కావాల? ఎండలో నీ మొగం కావాల నాకు."

గని మూతపడ్డాక ఊళ్ళో చాలామందిలాగే నేనూ బెంగళూరు రైలు పట్టుకున్నాను. తెల్లవారక ముందే ఆమె భుజం తట్టి లేపుతుంది. చీకట్లో వెళ్ళి, ఒక గోడౌన్‌లో ట్యూబ్‌లైట్ల కింద సరుకు మోసి, చీకట్లోనే తిరిగొస్తాను. ఆదివారం చర్చి నుంచి రాగానే పడుకుంటే దీపాలు పెట్టే వేళకు లేస్తాను. చుట్టాల పెళ్ళి ఫోటోల్లో ఫ్లాష్‌కు కళ్ళు మూసిన మనిషిని నేనే. మా పెళ్ళి ఫోటో గోడ మీదుంది కానీ, "దాంట్లో ఉండేది నువ్వు కాదు, ఎవురో పిల్లోడు" అంటుంది. పగటి వెలుగులో, కళ్ళు తెరిచి, తన పక్కన కూర్చున్న ఒక్క ఫోటో. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

గోడౌన్‌కు సెలవు వచ్చిన రోజున బయలుదేరాం. ఆమె పట్టుచీర కట్టింది, నా చేత గడ్డం గీయించింది. దిబ్బ ఎక్కేసరికి నాకు మోకాళ్ళు పట్టేశాయి. అక్కడ ఎర్రటి పొడుగు గౌనులో ఒక అమ్మాయి, ఆమె పక్కన కాబోయే మొగుడు. వాళ్ళ ఫోటోగ్రాఫర్ నా వైపు చెయ్యూపి, "అంకల్, స్వల్ప సైడిగె బన్ని" అన్నాడు. మా నాన్న తవ్విన మట్టి మీద నన్నే పక్కకి జరగమంటున్నాడని ఒళ్ళు మండింది. పోట్లాడే ఓపిక లేక జరిగాను.

వాన నీళ్ళు కోసిన గండి పక్కన కూర్చున్నాం. పొద్దు ఇంకా పైనే ఉంది. రైలు మనుషులకు ఒక అలవాటుంది. వీపు దేనికైనా ఆనితే చాలు, కన్ను మూతపడుతుంది. దిగే చోటు పక్కవాడికి చెప్పి పడుకుంటాం, వాడు తప్పకుండా లేపుతాడు. లేపకపోవడం మాలో పెద్ద ద్రోహం. నేను గండి గోడకు ఆనుకుని, "ఎండ ఎర్రబడతానే లేపు మే" అన్నాను. "ఊ" అంది. నిద్ర సుఖమెరగదు. ఆ పిండి మట్టి నాకు పరుపే అయింది.

ఉలిక్కిపడి లేచి, తల పైన సంచీ కోసం తడుముతూ, "బంగారుపేట స్టేషన్ దాటేసిందా?" అని అడిగాను. చేతికి గాలి తప్ప ఏమీ తగల్లేదు. ఆకాశం బూడిద రంగులో ఉంది. గౌను అమ్మాయి లేదు, వాళ్ళ కారు లేదు, పొద్దు లేదు.

ఆమె ఫోన్ నా చేతికిచ్చింది. మొదటి ఫోటోలో తెల్లటి ఎండ, నా తల ఆమె భుజం మీదికి ఒరిగి, నోరు తెరుచుకుని ఉంది. తర్వాతి దాంట్లో ఎండ పసుపు. ఆ తర్వాత ఎరుపు. చివరి దాంట్లో మా ముఖాలు సగం చీకటి. అన్నిట్లోనూ నా కళ్ళు మూసే ఉన్నాయి.

"చెప్పినా కదా మే లేపమని! ఇంత దూరం వచ్చి ఎందుకు లేపలేదు?" అని అరిచాను. తప్పు కప్పుకోవడానికి కోపాన్ని మించిన దుప్పటి లేదు.

ఆమె నా జుట్టులోని తెల్ల మట్టి దులిపింది.

"దినామూ నిన్ను లేపేది నేనే కదా బావా" అంది. "ఒక్క పొద్దన్నా లేపకుండా ఉండాలనిపించింది."