ఆకుల కుప్పలో గింజలు

నా చిన్నప్పుడు మా ఎస్టేటులో ఏడాదికి ఒక్కసారే ఎండ ఇళ్ళ లోపలికి వచ్చేది. మిగతా నెలలన్నీ రబ్బరు చెట్ల నీడలోనే గడిచేవి. వానలు తగ్గి ఎండ ముదిరాక ఆకులు ముందు పసుపుపచ్చగా, తర్వాత ఇటుక రంగుకు తిరిగేవి. రెండు మూడు వారాల్లో కొమ్మలు ఖాళీ అయ్యేవి. అప్పుడు కూలీలుండే లైను ఇళ్ళ గుమ్మాల్లోంచి వెలుతురు వంటగది దాకా వచ్చి, ఏడాదంతా కనబడని మసి కనబడేది. చెట్లలో పాలు తగ్గేవి కాబట్టి పని కూడా పెందలాడే తెమిలేది.

ఈ మలేషియాలో ఆకురాలు కాలం లేదని అందరూ అంటారు. మాకు ఉండేది. బటాంగ్ బెర్జుంటై దగ్గర మా ఎస్టేటులో ఇప్పుడు రబ్బరు లేదు, అంతా పామాయిలు. ఆ చెట్లు ఏ కాలంలోనైనా ఒకేలా ఉంటాయి. సైబర్‌జయలో ఉద్యోగం చేసే మా కోడలు నిరుడు పిల్లలకు ఎర్రాకులు చూపించడానికి కొరియా తీసుకెళ్ళింది. ఆకుల్లో పడుకుని నవ్వుతున్న మనవరాలి ఫొటో చూసి బాగుందన్నాను. నాకు కనబడింది మాత్రం మా పక్కింటి అక్క. ఆవిడ పోయిన నెల పోర్ట్ క్లాంగ్‌లో కూతురింట్లో చనిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

అప్పుడు అక్కకు ఇరవై ఏళ్ళుంటాయి. మూడేళ్ళ కూతురు, ఆరు నెలల కొడుకు. మొగుడు పోర్టులో లారీ మీద పని చేస్తూ పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. అక్క తెల్లవారక ముందే రబ్బరు పాల కోసం చెట్లు గీయడానికి వెళ్ళేది, పాలు తూచాక ఇంటికొచ్చి బట్టలుతికి వంట చేసేది. అందరు ఆడవాళ్ళూ చేసేదే. తేడా ఏమిటంటే, ఆకురాలు కాలంలో మిగిలిన ఆ గంటో రెండు గంటలో ఆవిడ నిద్రపోయేది కాదు, ఇంకొకరి గుమ్మంలో కూర్చునేది కాదు. ఇంటి వెనక రాలిన ఆకులన్నీ ఊడ్చి నడుమెత్తు కుప్ప చేసేది. కూతుర్ని మెడదాకా అందులో కప్పేసి, "నా గుంటేది? ఎవులైనా సూసినారా?" అని కుప్ప చుట్టూ వెతికేది. పిల్ల కిచకిచ నవ్వేది. తల్లి అంతకంటే గట్టిగా నవ్వేది. తర్వాత ఓ మూల కాసిని ఆకులు కాల్చి, ఆ నిప్పుల్లో ఉబి, అంటే కర్రపెండలం దుంపలు కప్పిపెట్టి, కాలాక పొట్టు తీసి ఊదుకుంటూ తినేవాళ్ళు.

ఆ నవ్వంటే లైనులో ఎవరికీ గిట్టేది కాదు. అందరికంటే ఎక్కువగా మా నాయనమ్మకు. లైను ఇళ్ళ మధ్య గోడలు కప్పుదాకా ఉండవు, ఒక ఇంట్లో దగ్గితే నాలుగిళ్ళకు వినబడుతుంది. నాయనమ్మ ఆ గోడ వైపు తిరిగి, "మొగుడు ఇంట లేడు, ఈ నవ్వేటో!" అనేది. గోడ అవతలి నుంచి, "ఆడుంటే ఇంకా నవ్వుదును ఆయా!" అని జవాబొచ్చేది.

నాయనమ్మను ఎస్టేటంతా ఆయా అనే పిలిచేది. తల్లులు చెట్లు గీయడానికి వెళ్ళినప్పుడు పసిపిల్లల్ని వదిలే షెడ్డు ఒకటుండేది. దూలాలకు చీరల ఉయ్యాలలు వరసగా వేలాడుతుండేవి. దాన్ని చూసుకునేది నాయనమ్మ. ఆవిడ పిల్లను తీసుకోనంటే ఆ తల్లికి పని లేనట్టే. అందుకని ఆవిడకు ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. బడి గంట కొట్టేదాకా నేను అక్కడే ఉయ్యాలలు ఊపేదాన్ని. నాకు పదేళ్ళు.

నాయనమ్మ ఏడ్చే పిల్లలకు కల్లు నాకించేది. గుడ్డ కొస సీసాలో ముంచి నోట్లో పెడితే పిల్లలు మధ్యాహ్నం దాకా కదలకుండా పడుకునేవారు. తన పిల్లల్నీ అలాగే పెంచానని ఒకసారి నాతో అంది. ఎవరికీ చెప్పొద్దని కూడా అంది.

ఆ ఏడు ఆకులు రాలడం మొదలైన రోజుల్లో, ఓ సాయంత్రం అక్క కొడుకును చంకనెత్తుకుని కుళాయి దగ్గరికి వచ్చింది. పిల్లాడి తల ఆవిడ భుజం మీద వాలిపోయి ఉంది. బిందెలు పట్టుకుని ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు.

"ఆయా, నా కొడుకు నోరు వాసన సూడు."

"పాలు తాగినోడి నోరు పాల వాసనే వస్తాది."

"కల్లు వాసన వస్తంది. ఏటి పోసినావు?"

"ఒలే, ఎవుల మీద ఏటంటున్నావో తెలస్తందా? ఈ లైనులో సగం మందిని నాను పెంచినాను!"

"అందుకేనేటి సగం మంది కల్లుకొట్టు కాడే పడుంటారు?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. నాయనమ్మ బిందె నేలకేసి కొట్టింది. "రేపటినుంచి నీ గుంటడు నా గుమ్మం తొక్కడు," అంది. ఆడవాళ్ళలో ఒక్కరూ అక్క వైపు మాట్లాడలేదు. రేపు పొద్దున్న వాళ్ళ పిల్లలూ ఆ ఉయ్యాలల్లోనే పడుకోవాలి మరి. అక్క నా వైపు ఒకసారి చూసింది. ఉయ్యాలలు ఊపేది ఎవరో ఆవిడకు తెలుసు. నేను చూసి ఉంటానని కూడా తెలుసు. అయినా అడగలేదు. నేను బిందెలోకి చూస్తూ నిలబడ్డాను.

మర్నాటి నుంచి అక్క పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని చెట్లలోకి వెళ్ళింది. చంటివాణ్ణి కొమ్మకు చీరకట్టి పడుకోబెట్టేది. మామూలు రోజుల్లో అయితే నీడ ఉండేది. ఆకులు రాలిన చెట్ల కింద నీడ ఎక్కడుంటుంది? వారం తిరిగేసరికి పిల్లాడి మొహం ఎర్రగా కమిలిపోయింది, కాళ్ళ మీద చీమలు కుట్టిన దద్దుర్లు. పిల్లల్ని పనిలోకి తేవడం ఎస్టేటు నియమాలకు విరుద్ధం. రెండుసార్లు చూసీచూడనట్టు వదిలేసిన మా పనుల మేస్త్రీ మండోరు, ఇక నెలాఖరు దాకా చూస్తానని, అప్పటికీ ఆయాతో సర్దుకోకపోతే పనిలోకి రానక్కర్లేదని చెప్పాడు. పని పోతే ఇల్లూ పోతుంది. ఆవిడ సర్దుకోలేదు. సాయంత్రాలు మాత్రం ఆకుల కుప్ప అలాగే పోసేది, అలాగే నవ్వేది.

నాకు ఆవిడంటే అసహ్యంగా ఉండేది. మా నాయనమ్మను తిట్టిందని అనుకునేదాన్ని. ఇప్పుడు చెప్పగలను, అదొక్కటే కాదు. మా అమ్మ నన్ను ఎప్పుడూ ఆకుల్లో కప్పి వెతకలేదు. ఆవిడ ఇంట్లో లేనప్పుడు రెండు మూడుసార్లు వెళ్ళి ఆ కుప్పను కాళ్ళతో చెల్లాచెదరు చేశాను. ఆవిడ మళ్ళీ ఊడ్చి పోసింది.

ఒకరోజు బడి నుంచి రాగానే, చివరింటి వాళ్ళ రెండేళ్ళ పిల్లను షెడ్డులోంచి ఎత్తుకుని ఆ కుప్ప దగ్గరికి వెళ్ళాను. అక్క ఇంకా పాలు తూచే చోటే ఉంది. ఆకుల కింద పాత రబ్బరు గింజలు దొరికాయి. వంటాట మొదలుపెట్టాను. గింజలు రాయితో కొట్టి, లోపలి తెల్లటి పలుకులు ఆకులో పెట్టి అన్నం వడ్డించాను. పచ్చి పలుకు తినకూడదని మాకందరికీ తెలుసు. రెండేళ్ళ పిల్లకు తెలియదు. ఒకటి రెండు నోట్లో పెట్టుకుంటే లాగేశాను. తర్వాత ఇంకా గింజల కోసం అటు తిరిగాను. ఎన్ని తిందో నేను చూడలేదు. పిల్లను తీసుకెళ్ళి మళ్ళీ ఉయ్యాలలో పడుకోబెట్టాను.

కాసేపటికే అది వాంతులు మొదలుపెట్టింది. తర్వాత కళ్ళు తేలేసింది. తల్లి పరుగెత్తుకొచ్చింది, లైనంతా వచ్చింది. అప్పటిదాకా అక్కను అబద్ధాలకోరన్నవాళ్ళే నాయనమ్మ మీద పడ్డారు. "కల్లు పోసి సంపేసినావు గదే ముసిల్దానా! ఆ గుంటడి తల్లి మొత్తుకుంటే ఇననేదు మేము!" అని ఆ తల్లి నాయనమ్మ జుట్టు పట్టుకుంది. "మారెమ్మ తోడు, ఈయేల నానేటీ పొయ్యనేదు," అని నాయనమ్మ ఏడ్చింది. ఎవరూ నమ్మలేదు. ఆవిడ నిజం చెబుతోందని ఆ షెడ్డులో నా ఒక్కదానికే తెలుసు. నేను ఖాళీ ఉయ్యాల ఊపుతూ నిలబడ్డాను.

మందులిచ్చే డ్రెస్సరు సైకిలు మీద వచ్చాడు. పిల్లకు ఏం పట్టారని తమిళంలో అడిగాడు. కల్లు, కల్లు అని నలుగురు అరిచారు. అప్పుడే అక్క కొడుకును వీపుకు కట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. అందరూ దారిచ్చారు. "సెప్పు లా, నువ్వే ముందు సెప్పినావు గదా, డ్రెస్సరుకు సెప్పు," అన్నారు.

ఆవిడ ఒక్క మాట అంటే చాలు. నాయనమ్మ పని పోయేది, తన కొడుక్కి ఉయ్యాల దొరికేది, తన పని నిలిచేది. ఆవిడ వంగి పిల్ల నోరు వాసన చూసింది. వేలు పెట్టి చిగుళ్ళ పక్కనుంచి ఏదో తీసింది. అరచేతిలో వేసుకుని డ్రెస్సరుకు చూపించింది.

"కల్లు కాదు. రబ్బరు గింజ తిన్నాది."

డ్రెస్సరు ఇంకేమీ అడగకుండా పిల్లను ఎస్టేటు వ్యానులో ఎక్కించి, తనే ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. పిల్ల బతికింది. ఏం తిందో వెంటనే తెలియడం మంచిదైందని మర్నాడు ఆయనే అన్నాడు.

వ్యాను వెళ్ళాక ఒకావిడ అక్కను నిలదీసింది. "నీ కొడుకును గుమ్మం తొక్కొద్దన్నాది. దాన్నెందుకే కాసినావు?"

"నాను ఎవుల్నీ కాయనేదు. ఆయమ్మ మొగం సూస్తే నాకు ఒళ్ళు మండతాది. గాని ఈయేల సేసింది ఆయమ్మ కాదు," అంది అక్క. తర్వాత నాయనమ్మ వైపు తిరిగింది. "నా కొడుక్కి పోసినావు ఆయా. అది నాను సచ్చేదాకా మరిసిపోను."

గింజలు పిల్లకు ఎవరిచ్చారని మండోరు అడిగాడు. గింజల తొక్కలు గీరి నా గోళ్ళ చుట్టూ ఎర్రబడి ఉంది. అక్క నా చేతుల వైపు చూసింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "గింజలు నా ఆకుల కుప్పలోయి. ఏరకుండా పోసినాను," అని మాత్రం అంది. అదీ నిజమే. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. నేను అక్కడితో బయటపడిపోవచ్చు.

ఎందుకు మాట్లాడానో ఇన్నేళ్ళ తర్వాత కూడా పూర్తిగా చెప్పలేను. ధైర్యం అనను. ఒళ్ళు మండే మనిషి గురించి ఆవిడ నిజం చెప్పింది. నేను ఇష్టపడే మనిషి గురించి చెప్పలేకపోతున్నాను. ఆ తేడా అంతమందిలో నాకు భరించరానిదిగా తోచింది. గింజలు నేనే ఇచ్చానని చెప్పాను. అక్క కొడుక్కి నాయనమ్మ కల్లు పట్టించడం చూశానని చెప్పాను. మిగతా పిల్లలకు కూడా అని చెప్పాను. గుడ్డ కొస ముంచడం చేత్తో చూపించాను. నాయనమ్మ ఏడుపు ఆగిపోయింది. నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను.

నెలాఖరు లోపే షెడ్డులోకి వేరే ఆయా వచ్చింది. అక్క పని నిలిచింది. మా ఇంట్లో నాన్న నన్ను కొట్టాడు. నాయనమ్మ కొట్టలేదు, మాట్లాడలేదు. ఇంకో ఏడేళ్ళు బతికింది, ఆ ఏడేళ్ళూ నా చేతి అన్నం తినలేదు.

అక్క మెచ్చుకుంటుందని నేను ఆశపడ్డాను. నాలుగో రోజు సాయంత్రం వాళ్ళింటి వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. ఉబి కాలుతున్న వాసన వస్తోంది. కూతురు కుప్పలో లేదు, గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఏటి, దండం పెట్టాలేటి నీకు?" అంది అక్క. "అన్ని దినాలు సూసి ఊరుకున్నావు. నా కొడుకు ఎండలో మాడినాడు."

నేను ఏడ్చాను. ఆవిడ ఊరుకోబెట్టలేదు. చీపురు పక్కన పెట్టి కుప్ప చూపించింది. "గింజలేరు. ఒక్కటి కూడా ఉండకూడదు."

ఆ కుప్పంతా గుప్పెడు గుప్పెడుగా తీసి చూడాలి. ఎండిన ఆకూ గింజ తొక్కా ఒకే రంగులో ఉంటాయి, చేత్తో తడిమితే గాని తెలియదు. పొద్దుగూకే దాకా ఏరాను. మధ్యలో ఆవిడ కూడా కొడుకును ఒళ్ళో వేసుకుని కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. అయ్యాక కూతుర్ని పిలిచి కుప్పలో కప్పింది. నా చేతిలో సగం దుంప పెట్టింది. "కాలతాది, ఊదుకో," అంది. నన్ను ఆకుల్లో కప్పలేదు. నేను అడగనూ లేదు.

నాయనమ్మ పోయిన రోజున అక్క వచ్చింది. గుమ్మం బయట కొంతసేపు నిలబడి, లోపలికి రాకుండా వెళ్ళిపోయింది.

పోయిన నెల ఆవిడ కర్మ రోజున ఒకరి తర్వాత ఒకరు లేచి మాట్లాడారు. సహనమూర్తి అన్నారు. ఎవర్నీ ఒక మాట అనని తల్లి అన్నారు. ఆవిడ వింటే ఒళ్ళు మండేది. నన్నూ ఏదైనా చెప్పమన్నారు. "అక్క మా నాయనమ్మను ఆఖరిదాకా క్షమించలేదు. ఆవిడ మీద అబద్ధమూ చెప్పలేదు," అన్నాను. చాలామంది మొహాలు ముడుచుకున్నాయి. ముందు వరసలో కూర్చున్న కూతురు, ఆ ఆకుల కుప్పలోని పిల్ల, ఇప్పుడు అమ్మమ్మ, తలెత్తి నన్ను చూసింది. చిన్నగా నవ్వింది.

నాకు గిట్టనివాళ్ళు ఈ వయసులో కూడా కొందరున్నారు. వాళ్ళ మీద ఏదైనా నింద వినబడినప్పుడు వెంటనే నమ్మాలనిపిస్తుంది, నాలుగు మాటలు కలపాలనిపిస్తుంది. అప్పుడు నా వేళ్ళు వాటంతట అవే ఒకదానితో ఒకటి రాసుకుంటాయి, ఆకుల్లో గింజ కోసం తడుముతున్నట్టు. ఈవేళ చేసింది ఆ మనిషేనా అని అడుగుతాను. కాదని తెలిస్తే, కాదని చెప్పి వస్తాను. ఆ మనిషంటే ఇష్టం మాత్రం పుట్టదు.