చిలక చేపకి మెరుగు పెట్టిన రోజు

దగ్గరగా జరగండి, ఆ చాప ఇటు లాక్కోండి. ఒక చేప ప్రాణాన్నీ, ఒక లెక్చరరు గారి పరువునీ నా చేతిలో పెడితే ఏమవుతుందో చెబుతాను. ఘోరమే జరిగింది. నవ్వండి గానీ, మా అత్తగారంత గట్టిగా మాత్రం వద్దు.

డెబ్బైల చివరి మాట. బందరు చిలకలపూడిలో మాది రోల్డుగోల్డు నగల పని. నేను కొత్త కోడలిని. మెరుపు తగ్గిన నగని కుంకుడు రసంలో ముంచి, మెత్తని బ్రష్షుతో తోమడం నా వంతు. ఆ పని ఎంత ఒంటబట్టిందంటే, మా ఆయన ముఖం వాడినా నా చెయ్యి కుంకుడుకాయల డబ్బా వైపే వెళ్లేది.

పక్కింటి రహీం గారు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు. ఒక సాయంత్రం సముద్రపు నీళ్ల డ్రమ్ముతో రిక్షా దిగారు. గిలకలదిండి పడవవాళ్ల వలలో పడిందట: ఆకుపచ్చ, నీలం, గులాబీ కలగలిసిన చేప. నోరు అచ్చం చిలక ముక్కు.

"చెల్లెమ్మా, రేపు మా కాలేజీలో ఎగ్జిబిషను. మన బురద సముద్రంలో పగడపు దిబ్బల చేప దొరికిందంటే ప్రిన్సిపాలు గారు నవ్వారు. ప్రాణంతో చూపిస్తానని అందరిముందూ మాటిచ్చేశాను. ఈ పూటకి ఈ నీళ్లతో సహా మీ సిమెంటు తొట్టిలో ఉంచుతావా?"

"దానికేం అన్నయ్యగారూ! చుట్టంలా చూసుకుంటాను."

"చూస్తే చాలమ్మా, ముట్టుకోకు. ఆ పళ్లతో పగడపు రాళ్లు గీకి నాచు తింటుంది. రాయి ఇసకై వెనక నుంచి వస్తుంది."

"అయితే ఇసక వ్యాపారం కూడా ఉందన్నమాట," అన్నారు అత్తగారు.

తెల్లవారుజామున ముగ్గెయ్యడానికి లేచి, లాంతరుతో తొట్టిలోకి చూశాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి. రంగులన్నీ వెలిసిపోయాయి. చేప చుట్టూ గంజి సంచిలా జిగురు!

"అత్తయ్యా! పూత పోయింది!"

"మెల్లిగా, వీధి వింటుంది! ఎవరి కొట్టు సరుకే?"

"అన్నయ్యగారి చేపండీ!"

"గ్యారంటీ ఇచ్చారా?"

ఇంకొకరైతే పక్కింటి తలుపు కొడతారు. చిలకలపూడి కోడలేం చేస్తుంది? బేసిన్లో కుంకుడు రసం కలిపింది. జిగురంతా చేత్తో లాగి నేల మీద పడేసి, చేపని పైకెత్తి, బ్రష్షు అందుకున్నానో లేదో, అది నా గాజుని పటుక్కున కొరికి, ఎగిరి తొట్టిలో పడింది. నేను కెవ్వుమన్నాను. మా ఆయన పరిగెత్తుకొచ్చి, జిగురు మీద కాలేసి, జర్రున జారి బేసిన్లో కూర్చున్నారు. రహీం గారు గోడ దూకారు.

"ఏం చేశావమ్మా?"

"మెరుగు పెడుతున్నానండీ, కుంకుడు రసంతో..."

"అది చేపలకి విషం! తొట్టిలో పడిందా?"

"లేదండీ. అంతా మీ బావగారి మీదే ఉంది."

ఆయన తొట్టి మీదికి వంగారు. వెలుగొచ్చింది. చేప రెక్క కదిపింది, ఒక చుట్టు తిరిగింది. ఆకుపచ్చ తేలింది, తర్వాత నీలం, గులాబీ.

"చూశారా, నా చెయ్యి పడగానే!" అన్నాను.

రహీం గారు తల పట్టుకుని నవ్వారు. "నిద్రపోయేటప్పుడు రంగు తగ్గించుకుంటుందమ్మా. ఆ జిగురు దాని దోమతెర, తనే తయారుచేసుకుంటుంది. నువ్వు తెర చింపి, తలంటు పొయ్యబోయావు!"

ఆ పగలు మేమంతా కాలేజీకి వెళ్లాం. ప్రిన్సిపాలు గారు చేప ముందు నుంచి కదల్లేదు. రహీం గారు గర్వంగా వివరించారు: "ఇది మొదట ఆడచేప అయ్యుంటుంది. పెద్దయ్యాక మగచేపగా మారి ఈ రంగులు తెచ్చుకుంటుంది."

అత్తగారు చేపని, తర్వాత నన్ను, తర్వాత మా ఆయన్ని చూశారు. "అదీ సంగతి! కోడలుగా ఉన్నన్నాళ్లూ చాకిరీ చేసి చేసి విసిగిపోయింది. మగాడైంది, ఇప్పుడు పొద్దెక్కేదాకా ముసుగు తన్ని పడుకుంటోంది!"

కాకులు లేచిపోయేలా నవ్వారు. నేనక్కడే ప్రతిజ్ఞ చేశాను: నిద్రపోతున్న ఏ ప్రాణికీ, చేపైనా మొగుడైనా, ఈ జన్మలో మెరుగు పెట్టను.

మీ ఇంట్లో అందరికీ కంటినిండా నిద్ర పట్టాలి, మీ సంసారం రంగు వెలవకుండా పదికాలాలు చల్లగా ఉండాలి.